ఈదురుగాలి కబురు

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టేసరికి సాయంత్రం నాలుగు దాటింది. పడమటి ఆకాశం నల్లబడి ఉంది. ఆకు కదలడం లేదు. ఇంకాసేపట్లో ఏమవుతుందో మీకూ తెలుసు. ఎక్కడినుంచో ఒక్కసారిగా చల్లగాలి వస్తుంది. దాని వెంటే దుమ్ము. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటాయి, దండెం మీది బట్టలు పక్కింటి పెరట్లో పడతాయి, తోటలో మామిడికాయలు రాలతాయి. చినుకు పడితే పడుతుంది, లేకపోతే లేదు. రోజంతా ఉడికిన ఒంటికి ఆ ఈదురుగాలి తగిలితే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

ఈసారి ఉత్తరం ఆ గాలి గురించే. ఇలాంటి వేసవి సాయంత్రమే, ఇలాంటి ఈదురుగాలే, అమెరికాలో అరిజోనా రాష్ట్రపు కొండల్లో పంతొమ్మిది మందిని బలి తీసుకుంది. వాళ్లు కార్చిచ్చు ఆర్పడానికి వెళ్లినవాళ్లు. వాళ్ల కథ చదివినప్పటినుంచి, ఎక్కడ అడవి అంటుకుందని విన్నా నాకు మంటకన్నా ముందు దానిమీది ఆకాశం గుర్తొస్తోంది. ఎందుకో మీతో చెప్పుకోవాలని ఉంది.

2013 జూన్ 28న యార్నెల్ అనే చిన్న ఊరికి పడమరగా ఉన్న కొండమీద పిడుగు పడి పొదలు అంటుకున్నాయి. ఫీనిక్స్ నగరానికి వాయవ్యంగా దాదాపు 130 కిలోమీటర్ల దూరంలో ఉందా ఊరు. 1966 తర్వాత ఆ కొండలు కాలలేదు. అన్నేళ్లుగా గుబురుగా పెరిగిన పొద, దానికింద పేరుకున్న ఎండుపుల్ల. రెండు రోజులకు, జూన్ 30 ఆదివారం పొద్దున, ప్రెస్కాట్ నగర అగ్నిమాపక శాఖకు చెందిన గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్ జట్టు అక్కడికి చేరింది. హాట్‌షాట్లంటే అడవి నిప్పును నేలమీద నిలబడి ఎదుర్కొనే ప్రత్యేక జట్లు. జట్టుకు ఇరవై మంది. వాళ్ల చేతిలో నీళ్ల గొట్టాలకన్నా రంపాలు, గొడ్డళ్లు, పారలే ఎక్కువ. మంట వచ్చే దారిలో పొదలు నరికి, గడ్డి చెక్కి, ఉత్త మట్టి తేలేదాకా గీరి బాట వేస్తారు. తినడానికేమీ దొరకని ఆ బాట దగ్గర నిప్పు ఆగుతుంది.

ఆ పొద్దుటినుంచి మంట ఉత్తరానికి, ఈశాన్యానికి పాకుతోంది. జట్టు దాని వెనకవైపు, అప్పటికే కాలిపోయిన నేలను ఆనుకుని పనిచేస్తోంది. కాలిన నేలను ఈ పనిలో ఉన్నవాళ్లు ‘నలుపు’ అంటారు. ఒక కాలు ఎప్పుడూ నలుపులో ఉంచుకోమని కొత్తవాళ్లకు చెబుతారు. ఒకసారి కాలిన చోట మళ్లీ కాలడానికేమీ ఉండదు కనుక అంతకన్నా భద్రమైన చోటు లేదు.

మధ్యాహ్నానికి ఉత్తరాన ఉరుముల మబ్బులు లేచాయి. వాతావరణ శాఖ రెండు గంటల ప్రాంతంలో ఒకసారి, మూడున్నరకు కాస్త ముందు మరోసారి హెచ్చరించింది. ఆ మబ్బుల కిందినుంచి గంటకు 65 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో ఉత్తరపు గాలి రాబోతోందని రెండో హెచ్చరికలో చెప్పింది. నాలుగు దాటాక జట్టులో పంతొమ్మిది మంది నలుపు వదిలి, ఊరివైపు ఉన్న ఒక పశువుల క్షేత్రానికి బయల్దేరారు. ఇరవయ్యోవాడు దూరంగా కాపలా కాస్తూ, మంట దగ్గరపడటంతో అంతకుముందే చోటు మారాడు. అందువల్ల బతికాడు. మిగిలినవాళ్లు గట్టు దిగి మూడు పక్కలా కొండలున్న లోయలోకి నడిచారు. అక్కడినుంచి మంట కనబడదు.

నాలుగున్నర ప్రాంతంలో ఈదురుగాలి వచ్చి పడింది. ఉత్తరానికి పోతున్న మంట వెనక్కి తిరిగి ఊరివైపు ఉరికింది. లోయ నోటిని మూసేసింది. వాళ్లు చేరాల్సిన క్షేత్రం ఇంకా అర కిలోమీటరు పైచిలుకు దూరంలో ఉంది. పంతొమ్మిది మందీ అల్యూమినియం రేకుతో చేసిన రక్షణ గుడారాలు కప్పుకుని నేలకు కరుచుకున్నారు. ఆ గుడారం దూరంనుంచి కొట్టే సెగను తిప్పికొడుతుంది. మంట నేరుగా తాకితే ఆగలేదు. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికా అగ్నిమాపక సిబ్బంది ఒక్కరోజులో ఇంతమందిని పోగొట్టుకున్నది అప్పుడే. వాళ్లు చేరాలనుకున్న క్షేత్రం మాత్రం చుట్టూ పొదలు కొట్టేసి ఉండటంతో కాలకుండా నిలబడింది.

వాళ్లు నలుపు ఎందుకు వదిలారో చెప్పగలిగినవారు ఆ పంతొమ్మిది మందిలోనే ఉన్నారు. తప్పు పట్టడానికి నేనీ కథ చెప్పడం లేదు. ఆ గాలి ఎక్కడినుంచి వచ్చిందో మనం అర్థం చేసుకోవాలని చెబుతున్నాను.

ఉరుముల మబ్బు కింద గాలి బాగా పొడిగా ఉంటే, పైనుంచి పడే వాన నేలకు చేరకముందే ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఇలాగే. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి జారుతుంది. నేలను తాకాక ఎటూ పోలేక, బిందెలో నీళ్లు గచ్చుమీద గుమ్మరించినట్టు నలుదిక్కులా పరుగెడుతుంది. మన ఈదురుగాలి అదే. పైన మబ్బు ఎక్కడో ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. మన నెత్తిన ఎండ కాస్తూనే ఉండొచ్చు. గాలి మాత్రం వచ్చేస్తుంది.

‘అగ్నికి వాయువు తోడైనట్టు’ అని మన పెద్దలన్నారు. అందులో సగమే మనం తరచు తలుచుకుంటాం. వాయువు అగ్నికి తోడవడం చూస్తాం గానీ, అగ్ని తన వాయువును తానే పుట్టించుకోవడం గమనించం. చిన్నప్పుడు మా ఊళ్లో ఒక గడ్డివాము అంటుకుంది. మగవాళ్లు తడి గోనెపట్టాలు పట్టుకుని చుట్టుపక్కల తాటాకు కప్పులెక్కారు. ‘గాలివాటం చూసుకోండిరా’ అని కింద ఒక ముసలాయన అరుస్తున్నాడు. నేను దూరంగా నిలబడి ఉన్నాను. ముఖానికి సెగ కొడుతుంటే, వీపుకు మాత్రం మెల్లగా గాలి తగులుతోంది. చొక్కా మంటవైపు రెపరెపలాడింది. వేడెక్కిన గాలి పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి అన్ని పక్కలనుంచీ చల్లగాలి చొరబడుతుందని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. ఒక్క గడ్డివాముకే అంత బలముంటే, వేల ఎకరాల అడవి మండినప్పుడు ఎంతుంటుందో ఊహించండి.

గాలి బలంగా ఉండి నిప్పు బలహీనంగా ఉంటే పొగ ఒకవైపు వాలి పోతుంది. అప్పుడు మంట ఎటు పోతుందో చెప్పడం కొంత తేలిక. నిప్పు గాలిని మించిపోయినప్పుడు పొగ నిటారుగా లేచి, కాలీఫ్లవర్ పువ్వులా ఉబ్బుతూ పెరుగుతుంది. చెట్లలోని నీరు, కట్టె మండటంలో పుట్టే ఆవిరి, చుట్టూ గాలిలోని తేమ అన్నీ ఆ పొగతో పైకెక్కుతాయి. చాలా ఎత్తున చల్లబడి మబ్బవుతాయి. ఆవిరి మబ్బుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడితో మబ్బు ఇంకా ఎదుగుతుంది. పది కిలోమీటర్లు దాటి, విమానాలు తిరిగే ఎత్తుకు చేరి, ఉరుములతో మెరుపులతో నిండిపోతుంది. శాస్త్రవేత్తలు దీన్ని పైరోక్యుములోనింబస్ అంటారు. మనం అగ్నిమేఘం అనుకుందాం. ఖాండవ దహనంలో అగ్నిని ఆర్పడానికి ఇంద్రుడు మేఘాలను పంపుతాడు. ఇక్కడ అగ్ని తన మేఘాన్ని తానే పుట్టించుకుంటుంది. ఆ మేఘం సాధారణంగా ఆర్పేంత వాన ఇవ్వదు. 2021 జూన్ చివర కెనడాలోని లిట్టన్ అనే ఊళ్లో ఎండ 49.6 డిగ్రీలకు చేరింది. మర్నాడు ఆ ఊరే కాలిపోయింది. ఆ రోజుల్లో బ్రిటిష్ కొలంబియాలో లేచిన అగ్నిమేఘాలు కురిపించిన పిడుగులు మరెన్నో చోట్ల అడవిని అంటించాయి.

అగ్నిమేఘం కిందే ఈదురుగాలి పుడితే ఏమవుతుందో 1990 జూన్ 26న తెలిసింది. అదీ అరిజోనాలోనే. ఆ రోజు ఫీనిక్స్‌లో 50 డిగ్రీల ఎండ కాసింది. ఆ నగరపు చరిత్రలో అంత ఎండ అంతకుముందు లేదు, ఇప్పటికీ అదే రికార్డు. పేసన్ ఊరి దగ్గర ‘డ్యూడ్’ అని పేరుపెట్టిన కార్చిచ్చు మీద మధ్యాహ్నానికి పెద్ద మబ్బు లేచింది. కింద లోయలో పనిచేస్తున్నవాళ్లమీద నాలుగు చినుకులు పడ్డాయి. అంత ఎండలో చినుకు పడితే ఎవరికైనా ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ అది మబ్బు కూలబోతోందన్న కబురు. కాసేపటికే పైనుంచి చల్లగాలి విరుచుకుపడి మంటను అన్ని పక్కలకూ తరిమింది. ఒక జైలు నుంచి వచ్చిన ఖైదీల జట్టు అందులో చిక్కుకుంది. ఐదుగురు ఖైదీలు, వాళ్లతో ఉన్న ఒక జైలు ఉద్యోగిని, మొత్తం ఆరుగురు చనిపోయారు.

నిప్పు పుట్టించే గాలి సుడి తిరగడమూ ఉంది. 2018 జూలై 26న కాలిఫోర్నియాలో రెడింగ్ నగరం అంచున లేచిన అగ్ని సుడిగాలి గంటకు 230 కిలోమీటర్ల వేగం అందుకుంది. కరెంటు తీగలను మోసే ఇనుప టవర్లను కూల్చింది. ప్రజలను ఇళ్లనుంచి పంపిస్తున్న ఒక అగ్నిమాపక ఉద్యోగి ఆ సుడిలో ప్రాణాలు కోల్పోయాడు. 2019 డిసెంబర్ 30న ఆస్ట్రేలియాలో అలాంటి సుడి ఒక ఫైరింజన్నే ఎత్తి తలకిందులు చేసింది. అందులో ఉన్న ఒక యువ వాలంటీరు మరణించాడు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకొకటి. 1994 జూలై 6న కొలరాడోలో గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ ఊరి దగ్గర స్టార్మ్ కింగ్ కొండమీద నలభై తొమ్మిది మంది పనిచేస్తున్నారు. పెద్దగా భయపడాల్సిన మంటలా కనబడలేదు. ఆ మధ్యాహ్నం పడమటి నుంచి చల్లగాలి దండు రాబోతోందని, గాలులు బలంగా వీస్తాయని వాతావరణ శాఖవారు ముందే పసిగట్టారు. మంట చెలరేగే వాతావరణం ఉందని చెప్పే ‘ఎర్రజెండా’ హెచ్చరిక కూడా ఇచ్చారు. కొండమీద ఉన్నవాళ్లకు ఆ కబురు చేరలేదు. గాలి వచ్చింది. మంట లోయ దాటి వాళ్లకు దిగువన అంటుకుంది. నిప్పు ఎత్తెక్కడంలో మనిషిని మించుతుంది. వాలుమీద మంట నాలుక పైనున్న గడ్డిని ముందే తాకుతుంది, ముందే ఎండబెడుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఆస్ట్రేలియా అటవీ నిపుణులు వాడే లెక్క. మనిషి వేగం మాత్రం ఎత్తెక్కేకొద్దీ పడిపోతుంది. పద్నాలుగు మంది చనిపోయారు. గాలి ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్లు ఒకచోట, తెలియాల్సినవాళ్లు మరోచోట ఉండిపోయారు.

మిత్రులారా, నేను చెప్పదలుచుకున్నది ఇదే. కార్చిచ్చు దగ్గర మనిషిని కాపాడేవి ధైర్యం, బూట్లు, గుడారం అని మనకు అనిపిస్తుంది. వాటన్నిటికన్నా ముందు అతన్ని కాపాడేది ఆకాశం కబురు. ఆ కబురు చివరి మనిషిదాకా చేరాలి. చేరాక, దానికి తగ్గట్టు వెనక్కి తగ్గే వీలు అతనికి ఉండాలి. స్టార్మ్ కింగ్ మీద మొదటిది జరగలేదు. యార్నెల్‌లో కబురు అందినా అది చాలలేదు.

అమెరికా అటవీ శాఖ 1957లో నిప్పార్పేవాళ్ల కోసం పది ఆజ్ఞలు రాసింది. మొట్టమొదటిది వాతావరణం గురించి, రాబోయే మార్పుల గురించి ఎప్పటికప్పుడు తెలుసుకోమని చెబుతుంది. డ్యూడ్ నిప్పు దగ్గర ఆ రోజు ఉన్న పాల్ గ్లీసన్ అనే హాట్‌షాట్ నాయకుడు, ఆ మరణాలు చూశాక 1991లో ఆ ఆజ్ఞల సారాన్ని నాలుగు మాటలకు కుదించాడు. మన భాషలో చెప్పుకుంటే అవి చూసే కన్ను, చేరే మాట, తప్పించుకునే దారి, తలదాచుకునే చోటు. ఈ నాలుగూ కుదిరాకే మొదటి గొడ్డలి దెబ్బ వేయాలి. ఒక్కటి తప్పినా పని ఆపాలి. ఇప్పుడక్కడ పెద్ద కార్చిచ్చు అంటుకుంటే వాతావరణ శాఖ ఒక నిపుణుణ్ణి నేరుగా ఆ శిబిరానికే పంపుతుంది. కొండమీది జట్లలో ఒకరు గంటగంటకూ ఎండ, తేమ, గాలివాటం కొలిచి రేడియోలో అందరికీ చదివి వినిపిస్తారు.

తేమ ఎందుకంటారా? అప్పడం సంగతి మీకు తెలిసిందే. వానాకాలంలో డబ్బా మూత తీసిపెడితే కాసేపటికే మెత్తబడుతుంది, ఎండలో పెడితే మళ్లీ పెళుసవుతుంది. అడవిలో ఎండుగడ్డిదీ అదే గుణం. పొద్దున మంచుకు మెత్తగా ఉన్న గడ్డి మధ్యాహ్నానికి పెళపెళలాడుతుంది. తేమలాగే పొగనూ గమనించాలి. శీతాకాలం పొద్దుట పల్లెలమీద వంటపొగ పైకి పోకుండా పరుచుకుని ఉంటుంది చూశారా, కొండలోయల్లో కార్చిచ్చు పొగ కూడా అలాగే మూతపెట్టినట్టు ఉంటుంది. ఆ మూత కింద మంట మందంగా ఉంటుంది. పొద్దెక్కి మూత తొలిగిందంటే ఒక్క అరగంటలో దాని స్వభావం మారిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి గుర్తులే వెతుకుతుంటారు. వాలిన పొగ నిటారుగా లేవడం, గాలి ఉన్నట్టుండి ఆగిపోవడం, ఎండలో చినుకు పడటం, దూరాన దుమ్ము లేవడం. వీటిలో ఏది కనబడినా పని వదిలి నలుపులోకి వెళ్లిపోవాలి.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. మన నల్లమల, శేషాచలం అడవుల్లో అంత పెద్ద అగ్నిమేఘాలు లేవకపోవచ్చు. మన నిప్పు ఎక్కువగా నేలమీద రాలిన ఆకును కాల్చుకుంటూ పాకుతుంది. కానీ మన అడవి ఆకు రాల్చి ఎండిపోయేదీ, మన ఈదురుగాలులు వీచేదీ ఒకే కాలంలో, మార్చి నుంచి మే దాకా. 2014 మార్చిలో తిరుమల కొండల్లో అడవి అంటుకుంటే వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లాల్సి వచ్చింది. హెలికాప్టర్ రాని రోజున ఆ నిప్పు దగ్గరికి వెళ్లేది అటవీ శాఖ బీట్ ఆఫీసరు, అతనితో నలుగురు ఫైర్ వాచర్లు. నల్లమలలో వారిలో చాలామంది చెంచులు. చేతిలో పచ్చికొమ్మ, ఉంటే ఆకులు ఊదే బ్లోయరు. 2020 ఫిబ్రవరిలో కేరళలో త్రిస్సూర్ జిల్లా అడవిలో అలా వెళ్లిన ముగ్గురు వాచర్లు మంటల్లో చిక్కి చనిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో నిప్పార్పడానికి వెళ్లిన సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే మరణించారు.

మనకు రెండు కబుర్లు ఇప్పటికే ఉన్నాయి. ఎక్కడ నిప్పు అంటుకుందో ఉపగ్రహాలు చూస్తే, భారత అటవీ సర్వే సంస్థ ఆ సమాచారాన్ని ఫోన్లకు పంపుతోంది. ఏ జిల్లాలో రాబోయే మూడు గంటల్లో ఉరుములు, ఈదురుగాలులు రావచ్చో వాతావరణ శాఖ చెబుతోంది. ఈ రెండూ కలిసి, తెలుగులో, రేడియో మీదో ఫోన్లోనో, కొమ్మ పట్టుకుని వాలుమీద నిలబడ్డ ఆ వాచరు చెవిన పడాలి. ఫోన్ సిగ్నల్ లేని చోట వైర్‌లెస్ సెట్ ఉండాలి. ‘గాలి తిరగబోతోంది, వెనక్కి రండి’ అనే మాట అతనికి అందాలి, ఆ మాట విని వెనక్కి వచ్చినవాణ్ణి ఎవరూ నిలదీయకూడదు. కాలిన అడవి తొలకరికి మళ్లీ చిగురు వేస్తుంది, పోయిన ప్రాణం తిరిగి రాదు.

మీలో అటవీ శాఖలో, వాతావరణ శాఖలో పనిచేసేవారు ఉన్నారు. ఈ మాట మీ కార్యాలయాల్లో మాట్లాడమని కోరుతున్నాను. అడవి అంచు ఊళ్లలో ఉండేవారు ఉన్నారు. ఇప్పపూలు ఏరడానికో, కొత్తగడ్డి కోసమో చెట్టుకింద నిప్పు పెట్టకండి. పెట్టేవాళ్లను ఆపండి. శ్రీశైలం ఘాట్ రోడ్డులో వెళ్లేవారు కాల్చిన బీడీ, సిగరెట్ కిటికీలోంచి విసరకండి. కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. ఎర్రజెండా హెచ్చరిక ఇచ్చి, ఊరు ఖాళీ చేయమన్నప్పుడు మొదటి గంటలోనే బయల్దేరండి. ఆలస్యంగా కదిలే ప్రతి కారు కోసం ఎవరో ఒకరు మంటకు ఎదురు వెళ్లాల్సి వస్తుంది.

ఉత్తరం ముగిస్తుంటే బయట గాలి లేచింది. పెరట్లో కాయలు రాలుతున్నాయి. ఈ గాలి మీ ఇంటికీ వస్తుంది. వచ్చినప్పుడు, ఆ పూట ఏ కొండవాలుమీదనో నిప్పుకెదురుగా ఒక మనిషి నిలబడి ఉండవచ్చని ఒక్క క్షణం తలుచుకోండి. అతనికి మనకన్నా ముందే ఈ గాలి కబురు అందాలి. దానికి మీరు చేయగలిగింది ఏ కొంచెమైనా చేయండి.

ప్రేమతో,
మీ సంపాదకుడు